పథ్యం మంచిదే, మందు మానకండి

"డాక్టరు గారండీ, ఇంతకీ నేనేం తినాలండీ?"

మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలిన పేషెంటు రిపోర్టుల కవరు మూసి, కుర్చీలోంచి లేస్తూ అడిగే ప్రశ్న ఇది. ఎమ్మారైలో మచ్చలు ఎన్ని ఉన్నాయి, పదేళ్ల తర్వాత నా పరిస్థితి ఏమిటి అని ముందుగా అడిగేవాళ్లు తక్కువ. ఏం తినాలో, ఏం మానాలో అడుగుతారు. చాలాకాలం నేను ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు. "అన్నీ తినొచ్చమ్మా" అని అర నిమిషంలో తేల్చేసి తర్వాతి చీటీ పిలిచేవాణ్ని. వరండాలో అంతమంది ఓపీ కోసం కూర్చుని ఉంటే ఇంతకంటే తీరిక ఎక్కడిది అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని. ఆ అర నిమిషం ఎంత ఖరీదైనదో ఒక పేషెంటు వల్ల తెలిసింది.

ఆమెకు ముప్ఫై రెండేళ్లు. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. మొగల్తూరు దగ్గర ఒక పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద పని చూస్తాడు. ఇద్దరు పిల్లలు. ఇంటి పని అయ్యాక నరసాపురం వ్యాపారులకు లేసు అల్లి ఇస్తుంది. ఆ పనికి చూపే పెట్టుబడి. ఒకరోజు ఎడమ కన్ను మసకబారింది, కన్ను తిప్పితే లోపల నొప్పి. కళ్లజోళ్ల షాపులో పవర్ మారిందన్నారు. ఇంట్లో పెద్దావిడ రాత్రిళ్లు కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టింది. నెల తిరిగేసరికి చూపు చాలావరకు వచ్చేసింది. పేరు నందివర్ధనానికి దక్కింది. ఏడాది తర్వాత నడుము కింది నుంచి తిమ్మిరెక్కి, అడుగేస్తే దూది మీద వేసినట్టు ఉందంటూ నా దగ్గరికి వచ్చింది. పాత కంటి సంగతి నేను గుచ్చి గుచ్చి అడిగితే తప్ప గుర్తు రాలేదు. న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. ఎమ్మారై, వెన్ను నీటి పరీక్ష అయ్యాయి. ఐదు రోజులు స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. కాళ్లు నిలదొక్కుకున్నాయి. జబ్బు తిరగబెట్టకుండా ఫింగోలిమోడ్ అనే క్యాప్సూల్ రోజుకొకటి మొదలుపెట్టారు.

రెండేళ్లు బాగా గడిచాయి. అప్పుడు చుట్టాల్లో ఎవరో ఫోన్‌కి ఒక వీడియో పంపారు. నరాల జబ్బులన్నీ తిండితోనే వస్తాయి, తిండితోనే పోతాయి, మందులు నరాలను ఇంకా పాడుచేస్తాయి అన్నది దాని సారాంశం. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏం తినాలో అందులో పూసగుచ్చినట్టు చెప్పారట. నేను అర నిమిషంలో వదిలేసిన ప్రశ్నకు అక్కడ నలభై నిమిషాల జవాబు దొరికింది. సంక్రాంతి వెళ్లగానే ఆమె అన్నం మానేసింది, దాంతోపాటు క్యాప్సూల్ కూడా. ఉగాది నాటికి ఆరు కిలోలు తగ్గింది, ఒళ్లు తేలికపడింది. "ఇన్నాళ్లూ అనవసరంగా మింగాం" అనుకున్నారు ఇంటిల్లిపాదీ. మే నెలలో కుడికాలు, కుడిచేయి పట్టు తప్పాయి. కొత్తావకాయ తిని వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు, కొబ్బరినీళ్లు పడుతూ పన్నెండు రోజులు ఆగారు. ఆటోలో పడుకోబెట్టి తెచ్చేసరికి మూత్రం కూడా బిగిసిపోయి ఉంది.

ఫింగోలిమోడ్‌ను ఉన్నట్టుండి ఆపేస్తే కొందరిలో జబ్బు మొదటికంటే ఉధృతంగా విరుచుకుపడుతుందని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఈ ముక్క నేను ఆమెకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

కాకి వాలింది, తాటిపండు రాలింది

ఇంతకీ ఈ జబ్బు ఏమిటి? మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని తంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వుపొర ఉంటుంది. కరెంటు తీగ మీది తొడుగు లాంటిది. మనల్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబాటున ఆ తొడుగును కొరికేస్తుంది. తొడుగు పోయిన చోట సంకేతాలు మందగిస్తాయి, ఆగిపోతాయి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఉన్నట్టు 2020 నాటి అంచనా. మన దగ్గర ఇది లేనే లేదని ఒకప్పుడు అనుకునేవారు. ఎమ్మారై యంత్రాలు జిల్లాలకు వచ్చాక ఆ మాట మారింది.

తిండి సంగతికి వచ్చేముందు ఈ జబ్బు నడిచే తీరు తెలియాలి. వందలో సుమారు 85 మందికి ఇది మొదట్లో వస్తూ పోతూ ఉంటుంది. ఎటాక్ వస్తుంది, కొన్ని రోజులో వారాలో ఉంటుంది, తర్వాత మందు వేసినా వేయకపోయినా ఎంతో కొంత తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆరు నెలలకు రావొచ్చు, మూడేళ్లకు రావొచ్చు. ఈ మధ్యకాలంలో మీరు ఏది తిన్నా, ఏది తాగినా, ఏ పూలు కళ్ల మీద పెట్టుకున్నా, తగ్గిన ఘనత దానికే దక్కుతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దాన్నే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. తాటిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. "నాకు తగ్గింది" అని వీడియోలో చెప్పేవాళ్లు అబద్ధాలు ఆడుతున్నారని నేను అనను. చాలామందికి నిజంగానే తగ్గి ఉంటుంది. ఎందుకు తగ్గిందన్న లెక్కే తప్పు.

ఇంకో చిక్కు ఉంది. బయటికి ఎటాక్ కనిపించనప్పుడు కూడా ఎమ్మారైలో కొత్త మచ్చలు పడుతూ ఉండొచ్చు. ఒళ్లు బాగానే ఉంటుంది, లోపల తొడుగు ఊడుతూనే ఉంటుంది. తూకం యంత్రం మీద ఆరు కిలోలు తగ్గడం కనిపిస్తుంది కానీ ఇది కనిపించదు.

నార్వే చేపలు

ఆహారానికీ ఈ జబ్బుకీ ముడిపెట్టిన మొదటి గట్టి పరిశోధన మన ఊళ్లలాంటి సముద్రతీరం నుంచే వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. రాయ్ స్వాంక్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు, ఆయన సహచరులు నార్వే పల్లెల్లో లెక్కలు తీసి 1952లో ప్రచురించారు. వెన్న, మాంసం ఎక్కువగా తినే లోతట్టు రైతుల్లో ఈ జబ్బు ఎక్కువగా, చేపలు తినే తీరప్రాంతం వాళ్లలో తక్కువగా కనిపించింది. దాంతో స్వాంక్ తన పేషెంట్ల ఆహారంలో వెన్న, కొవ్వు మాంసం బాగా తగ్గించేశారు. 144 మందిని 34 ఏళ్లపాటు గమనించి, రోజుకు 20 గ్రాములకు మించకుండా సంతృప్త కొవ్వు తిన్నవాళ్లు మిగతావాళ్లకంటే చాలా మెరుగ్గా ఉన్నారని 1990లో లాన్సెట్ పత్రికలో రాశారు.

ఒక వైద్యుడు 34 ఏళ్లు అదే పేషెంట్లను వదలకుండా చూడటం మామూలు సంగతి కాదు. ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ ఆ అధ్యయనంలో పెద్ద లోటు ఉంది. ఎవరు పథ్యం పాటించాలో చీటీలు వేసి విడదీయలేదు. పాటించగలిగినవాళ్లు పాటించారు, లేనివాళ్లు వదిలేశారు. జబ్బు ముదిరి మంచాన పడ్డవాళ్లు పథ్యం వదిలేయడం సహజం. అలాంటప్పుడు పథ్యం వల్ల ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగుండటం వల్ల పథ్యం సాగిందా? ఈ ప్రశ్నకు ఆ లెక్కల్లో జవాబు లేదు.

అదే నార్వేలో, 2012లో వెలువడిన ఇంకో అధ్యయనం ఉంది. చేపనూనెలో ఉండే ఒమేగా-3ని 92 మంది ఎంఎస్ పేషెంట్ల మీద, ఈసారి పద్ధతిగా సగం మందికి ఉత్తుత్తి క్యాప్సూళ్లు ఇచ్చి పరీక్షించారు. ఎమ్మారై మచ్చల్లో గానీ ఎటాకుల్లో గానీ తేడా రాలేదు. చేపలు తినే తీరంలో జబ్బు తక్కువ అనడం వేరు, చేపనూనె గొట్టం మింగితే జబ్బు ఆగుతుంది అనడం వేరు. మన మందుల షాపుల్లో వందల రూపాయల డబ్బాలు ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం మీదే అమ్ముడవుతున్నాయి.

ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు టెర్రీ వాల్స్. ఆవిడ అమెరికాలో వైద్యురాలు. 2000లో ఎంఎస్ బయటపడి, చక్రాల కుర్చీ దాకా వెళ్లి, ఆకుకూరలు, కూరగాయలు, మాంసం ఎక్కువగా, ధాన్యాలు, పాలు అసలు లేని ఆహారంతో కోలుకుని సైకిలు తొక్కారు. కథ నిజమే. అయితే ఆహారంతోపాటు ఆవిడ కండరాలకు విద్యుత్ ప్రేరణ, క్రమం తప్పని వ్యాయామం కూడా చేశారు. వీడియోలు చేసేవాళ్లు ఆ భాగం కత్తిరించేస్తారు. 2021లో ఆవిడ బృందమే స్వాంక్ పథ్యాన్ని, తన పథ్యాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించింది. రెండు గుంపుల్లోనూ నిస్సత్తువ తగ్గింది. మాంసం తగ్గించమన్న పథ్యమూ పనిచేసింది, మాంసం పెంచి ధాన్యం మానమన్న పథ్యమూ పనిచేసింది. మన దగ్గర కొబ్బరినూనె తాగమనేవాళ్లూ ఉన్నారు, ఉప్పూ నూనె ముట్టొద్దనేవాళ్లూ ఉన్నారు. భీమవరం వైపు ప్రకృతి వైద్యానికి దశాబ్దాల పేరుంది కాబట్టి ఆ రెండోరకం మాట మాకు కొత్త కాదు. ఒకదానికొకటి పొసగని ఇన్ని పథ్యాల్లో అందరికీ ఎంతోకొంత హాయి కలుగుతోందంటే వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. బేకరీ తిండి, కూల్‌డ్రింకులు, పకోడీలు ఆగిపోతాయి. కూరగాయలు పెరుగుతాయి. బరువు తగ్గుతుంది. నా ఒళ్లు నా చేతిలో ఉందన్న ధైర్యం వస్తుంది. నిస్సత్తువ తగ్గడానికి ఇవి చాలు. నిస్సత్తువ తగ్గడం చిన్న విషయమేమీ కాదు. ఎంఎస్ పేషెంట్లలో ఎక్కువమందిని కుంగదీసేది అదే. కానీ నిస్సత్తువ తగ్గడానికీ, తొడుగు ఊడటం ఆగడానికీ చాలా దూరం ఉంది.

ఇమ్యూనిటీ పెంచితే మంచిదేగా?

కాదు. కరోనా రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చిన ఈ మాట ఇంకా పోలేదు. ఎంఎస్‌లో రోగనిరోధక శక్తి తక్కువై జబ్బు రాలేదు. అది దారితప్పి సొంతింటినే తగలబెడుతోంది. మేం ఇచ్చే మందులన్నీ దానికి కళ్లెం వేయడానికే. ఒక చేత్తో కళ్లెం, రెండో చేత్తో కొరడా ఎందుకు?

తిప్పతీగ సంగతే తీసుకోండి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ కషాయం తాగాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ అభిప్రాయంతో విభేదించింది. ఆ వాదన ఎలా ఉన్నా, ఎంఎస్‌కు వాడే టెరిఫ్లునోమైడ్ లాంటి మందులకు కాలేయం పరీక్షలు చేయిస్తూ ఉండాలన్నది మాత్రం ఖాయం. వాటితో కలిపి రోజూ కషాయాలు తాగితే ఎంజైములు పెరిగినప్పుడు దోషి ఎవరో తేల్చడం మా వల్ల కాదు. అప్పుడు సాధారణంగా అసలు మందే ఆగిపోతుంది. కూరలో పసుపు వేసుకోండి, ఎవరూ వద్దనరు. పసుపు సారం క్యాప్సూళ్లు వేరు, వాటితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

బయోటిన్ ఇంకో ఉదాహరణ. జుట్టు కోసం అమ్మే విటమినే. భారీ మోతాదులో ఎంఎస్‌కు పనిచేస్తుందని కొన్నేళ్లు ఆశపెట్టి, 2020లో పెద్ద అధ్యయనంలో తేలిపోయింది. పైగా అది రక్తంలో ఉంటే థైరాయిడ్ రిపోర్టులు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ రిపోర్టు తారుమారవుతాయి.

విటమిన్ డి మాత్రం వేరే కథ. అది తక్కువున్న వాళ్లలో ఎంఎస్ ఎక్కువన్నది ఎప్పటి నుంచో తెలుసు. మాత్రలుగా ఇస్తే జబ్బు తగ్గుతుందా? 2023లో వచ్చిన అమెరికా అధ్యయనం, రోజుకు 5,000 యూనిట్లు ఇచ్చినా ఎటాకులు తగ్గలేదంది. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనం, జబ్బు తొలి దశలో ఉన్న 316 మందిని చూసి, పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లలో జబ్బు చురుకు తగ్గిందంది. ఉత్తుత్తి మందు వాళ్లలో 74 శాతం మందిలో చురుకుదనం కనిపిస్తే, వీళ్లలో 60 శాతం మందిలో కనిపించింది. ఆశ కలిగించే తేడాయే. అయినా అరవై మందిలో జబ్బు కదులుతూనే ఉందని కూడా చూడాలి. నేను చెప్పేది ఇంతే: రక్తపరీక్ష చేయించండి, తక్కువుంటే డాక్టరు చెప్పిన లెక్కలో వేసుకోండి. వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల మాత్రను రోజూ మింగి, కాల్షియం పెరిగి, వాంతులతో వచ్చినవాళ్లను నేను చూశాను.

ఒక చిన్న పక్కమాట. "ప్రకృతి మందు", "ఇంగ్లిషు మందు" అని మనం గీత గీస్తాం. ఆమె మానేసిన ఫింగోలిమోడ్ పుట్టుక ఒక ఫంగస్‌లో ఉంది. పురుగుల మీద పెరిగే ఆ జాతి ఫంగస్‌ను చైనా సంప్రదాయ వైద్యంలో వాడేవారు. అందులోని ఒక పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు వేరుచేసి, మార్చి, మందుగా తీర్చారు. ప్రకృతిలోంచి వచ్చిందా లేదా అన్నది కాదు, ఎంత మోతాదులో ఎవరికి పనిచేస్తుందో కొలిచారా లేదా అన్నదే తేడా.

వేడి చేయడం, వేడెక్కడం

మన ఇళ్లలో ప్రతి జబ్బుకీ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది: వేడి చేసింది. మామిడిపండు వేడి, కోడికూర వేడి, బొప్పాయి వేడి, వంకాయ సరేసరి. ఎంఎస్ పేషెంట్లకు ఈ జాబితా పట్టుకుని సగం తిండి మాన్పించేస్తారు. ఇందులో విచిత్రమేమిటంటే, ఎంఎస్‌కూ వేడికీ నిజంగానే శత్రుత్వం ఉంది. కాకపోతే అది కూరలో వేడి కాదు, ఒంటి ఉష్ణోగ్రత.

1890లో ఉథాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు, కాస్త శ్రమ పడగానే చూపు మసకబారి, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ తేటపడే పేషెంట్లను గమనించాడు. తొడుగు దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడుతుంది. ఎమ్మారై లేని రోజుల్లో పేషెంటును వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి ఈ జబ్బును నిర్ధారించేవారంటే చూడండి. ఏటా మే 30న ప్రపంచ ఎంఎస్ దినం జరుపుతారు. మనకు సరిగ్గా రోహిణి కార్తె. గాలి కదలని, చెమట ఆరని మా డెల్టా ఉక్కలో వీళ్లు పడే అవస్థ చెప్పనలవి కాదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పనులు ముగించుకోవడం, మధ్యాహ్నం తడిగుడ్డ మెడ చుట్టూ వేసుకోవడం, తలంటుకు వేడివేడి నీళ్లు మానడం, పొయ్యి దగ్గర పిండివంటల డ్యూటీ ఇంకొకరికి అప్పగించడం, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగడం. ఇవి అచ్చమైన సహజ చికిత్సలు, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే ఒక గుర్తు పెట్టుకోండి. ఎండకి వచ్చిన మసక, నీరసం చల్లబడితే గంటల్లో పోతాయి. కొత్త లక్షణం, లేదా పాతదే మళ్లీ వచ్చి, 24 గంటలు దాటినా వదలకపోతే అది ఎటాక్ కావొచ్చు. సబ్జా నీళ్లతో పన్నెండు రోజులు ఆగకూడదు. జ్వరం, మూత్రంలో మంట ఉన్నా ముందు అవి చూపించుకోవాలి, లోపలి ఇన్ఫెక్షన్ కూడా ఇదే నాటకం ఆడుతుంది.

ఇప్పుడు నేను చెప్పే జవాబు

ఆ పేషెంటు తర్వాత నేను మారాను. ఎవరైనా ఏం తినాలని అడిగితే కూర్చోమంటాను. ముందుగా బీ12 పరీక్ష అయిందా అని చూస్తాను. అది బాగా తగ్గితే వెన్నుపాము దెబ్బతిని తిమ్మిర్లు, తూలుడు వస్తాయి, చూడటానికి ఎంఎస్ లాగే ఉంటుంది. ఇంజక్షన్లతో బాగయ్యే ఆ లోటును వదిలేయకూడదు. పూర్తి శాకాహారుల ఇళ్లలో దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. అలాగే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష అవసరమా అని న్యూరాలజిస్టును అడగమంటాను. ఎంఎస్‌లాగే కనిపించే ఎన్ఎంఓ అనే ఇంకో జబ్బు ఆసియా దేశాల్లో తక్కువేమీ కాదు. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు దాన్ని ఇంకా పెంచుతాయి.

ఆ తర్వాత కంచం. అన్నం మానక్కర్లేదు, గుట్ట తగ్గించాలి. ఆ ఖాళీలో పప్పు, తోటకూర, బచ్చలి, గోంగూర, అరటిదూట, ఏవి దొరికితే అవి. చేప తినేవాళ్లు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు కాదు. కవళ్లు, కానాగంతలు, మెత్తళ్లు లాంటి చవక సముద్రపు చేపల్లో మంచి కొవ్వు ఎక్కువ. ఎంఎస్ పోతుందని కాదు, గుండెకు మంచిది కాబట్టి. బీపీ, షుగరు, అధిక బరువు తోడైతే ఎంఎస్ పేషెంట్ల నడక త్వరగా దెబ్బతింటుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, ఎప్పుడైనా సరదాకే. స్టెరాయిడ్ ఇంజక్షన్లు నడిచే రోజుల్లో ఉప్పు, తీపి రెండూ తగ్గించాలి.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మూత్రం ఆపుకోలేకపోతున్నామని చాలామంది ఆడవాళ్లు బస్సెక్కే రోజు, పెళ్లికి వెళ్లే రోజు నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, దానికి జ్వరం, జ్వరానికి కాళ్లు పట్టు తప్పడం. సిగ్గుపడకుండా మాకు చెబితే మూత్రానికి వేరే మందులున్నాయి. నీళ్లు తాగుతూ పొలమారుతుంటే అదీ చెప్పాలి. కొందరికి జబ్బు ముదిరాక పల్చటి ద్రవాలే కష్టం, చిక్కటి రాగిజావ సులువుగా దిగుతుంది.

కార్తీకమాసం ఉపవాసాలు అడుగుతారు. ఉండండి, మందు మాత్రం తప్పకూడదు. డైమిథైల్ ఫ్యూమరేట్ వాడేవాళ్లు దాన్ని ఖాళీకడుపున వేసుకుంటే ముఖం ఎర్రబడి ఆవిర్లు ఎక్కువగా వస్తాయి. దాన్ని కూడా వేడి చేసిందని ఆపేసినవాళ్లున్నారు! తిండితో కలిపి వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది.

పొగాకు విషయంలో మాత్రం బేరం లేదు. ఎంఎస్‌ను వేగంగా ముదరబెట్టేవాటిలో పొగ ఒకటని గట్టిగా తెలుసు. ఇంట్లో మగవాళ్లు తాగే పొగ కూడా లెక్కే. భార్యకు ఏ పథ్యం పెట్టాలని అడిగే భర్త జేబులో సిగరెట్ పెట్టె కనిపిస్తే నేను మొహమాటపడటం మానేశాను. ఇక యోగా, ఫిజియోథెరపీ. యోగా చేసినా, మామూలు వ్యాయామం చేసినా నిస్సత్తువ తగ్గుతుందని 2004లోనే అమెరికాలో పద్ధతైన పరీక్షలో తేలింది. చల్లటి వేళ, అలిసిపోయేదాకా కాకుండా చేయండి.

మందు ఎందుకు మానేస్తారో కూడా ఇప్పుడు అడుగుతున్నాను. మూఢనమ్మకం అనుకునేవాణ్ని. అడిగితే తెలిసింది, ఎక్కువసార్లు డబ్బు. నెలనెలా మందుల ఖర్చు, ఆరునెలలకో ఎమ్మారై. అలాంటి ఇంటికి "మందే అక్కర్లేదు" అన్న వీడియో ఎంత పెద్ద ఊరటో ఆలోచించండి. ఖర్చు భరించలేకపోతే ఆ మాటే చెప్పండి. దేశీ జెనరిక్‌లున్నాయి, వేరే మందుకు మారే దారులున్నాయి. వికలాంగుల హక్కుల చట్టం-2016లోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, అర్హత ఉంటే సదరం సర్టిఫికెట్‌కు వెళ్లొచ్చు. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. రెండో కారణం పిల్లలు. గర్భం కోసం ప్రయత్నించాలనుకునే ఆడపిల్లలు అత్తింట్లో చెప్పలేక, మాకు చెప్పలేక నిశ్శబ్దంగా మందు ఆపేస్తారు. ఫింగోలిమోడ్ గర్భంలో ఉండకూడని మందే, కానీ ఎప్పుడు ఆపాలి, ఆ ఖాళీలో ఏం చేయాలి అన్నది న్యూరాలజిస్టుతో కలిసి వేసుకోవాల్సిన లెక్క. పథ్యం పాటిస్తున్నామన్న సంగతి కూడా మాకు చెప్పండి. తిడతామని భయపడి దాచకండి. తిట్టే డాక్టరైతే ఇంకో డాక్టరును చూసుకోండి.

ఆమె ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. వేరే మందు మీద ఉంది. సన్నదారం పని ఇంకా చేతకావడం లేదు, లావుదారంతో సంచులు అల్లుతోంది. మొన్న గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారంలో చెకప్‌కు వచ్చి, అన్నీ అయ్యాక గుమ్మం దగ్గర ఆగింది.

"పులస తినొచ్చాండీ?"

పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్లో పుట్టినవాణ్ని, వద్దని ఎలా అంటాను? "తినమ్మా. కానీ ఒక్క పులస డబ్బుతో నీకు ఎన్ని నెలల మందొస్తుందో ముందు మీ ఆయన్ని లెక్కేయమను" అన్నాను.

"ఆయ్, మందు ముందే కొన్నాడండీ. మిగిల్తేనే పులస" అంది.